మినహాయింపు

నిజాయితీకి ఇంకో పేరు ఈయన, అంటున్నాడు మేనేజరు మైకులో, దుకాణంవాడు బీరువాను చూపించినట్టు నా వైపు చెయ్యి చాపి. అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేను నవ్వుతున్నాను, ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలియదు, మొహం దానంతటదే నవ్వుతోంది, ఇన్నేళ్ళ అలవాటు. ఒళ్ళో పూలగుత్తి. దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం నేను ఊపిరి పీల్చినప్పుడల్లా గరగరమంటోంది. క్యాంటీన్ హాల్లో బల్లలన్నీ గోడవారకు నెట్టి, సరుకు దించే చెక్కపలకలు పేర్చి, మీద ఎర్రగుడ్డ పరిచి దీన్ని వేదిక అన్నారు. మేనేజరు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకు బరువు మార్చుకున్నప్పుడల్లా నా కుర్చీ కూడా ఊగుతోంది. అతనికి అవతల ముఖ్య అతిథి, పింఛన్ల నియంత్రణ కార్యాలయంలో పెద్ద అధికారి, నీళ్ళసీసా మూత తీసి, గుక్కెడు తాగి, మూత బిగించి, మళ్ళీ తీస్తున్నాడు. శుభ్రమైన చేతులు. ఆ చేత్తోనే పెట్టి ఉంటాడు సంతకం. ముందు వరసలో నా భార్య. చప్పట్లు అందరికంటే కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి కాస్త ఆలస్యంగా ఆపుతోంది. ఆస్పత్రి లాండ్రీలో యంత్రాల హోరుకు చెవులు మందగించాయి, పక్కవాళ్ళ చేతులు చూసి కొడుతుంది. ఆమెకింకా తెలియదు. ఈ హాల్లో నాకు తెలుసు, మేనేజరుకు తెలుసు, నీళ్ళు తాగుతున్న ఆ పెద్దమనిషికి తెలుసు. తెలిసిన ముగ్గురం వేదిక మీద కూర్చున్నాం, తెలియనివాళ్ళంతా కింద కూర్చుని మాకు చప్పట్లు కొడుతున్నారు.

పొద్దున గేటు దగ్గర పొడుగన్న నిలబడి ఉన్నాడు. కాగితం గుజ్జు ఉడికించే విభాగంలో పనిచేసి నిరుడు దిగిపోయినవాడు, అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. సభకు పిలవలేదు, కాపలావాడు లోపలికి రానివ్వలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు, అంత పద్ధతైన మనిషి. నా చివరి రోజని అభినందించడానికొచ్చాడనుకుని చెయ్యి చాపాను. పట్టుకున్నాడు, వదల్లేదు. "తమ్ముడూ, ఈ నెల కూడా సగమే పడిందిరా," అన్నాడు. బ్యాంకువాళ్ళ పొరపాటేమో అన్నాను. "కాదు. నిన్న ఆ నియంత్రణాఫీసుకే పోయొచ్చా. ఇక సగమేనట. ఆ సగమైనా ఎంతకాలమో చెప్పలేమన్నారు. మన పింఛను నిధిలోంచి తీసి కొత్త మిషనుకి పెట్టారట." అదెట్లా పెడతారన్నా, దాన్ని ముట్టుకోకూడదని చట్టం ఉందిగా, అన్నాను, చిన్నపిల్లాడు అన్నట్టు అన్నాను. "ఉంది. లేకపోవడమేం! మన కంపెనీకి మినహాయింపు ఇచ్చారట. అంతా చట్టప్రకారమేనంట." ఆ ఆఫీసులో అమ్మాయెవరో జాలిపడి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పిందట. ఎవరమ్మా సంతకం పెట్టిందని అడిగితే, పెద్దసారు, రేపు మీ మిల్లుకే ఏదో వీడ్కోలు సభకి వస్తున్నారు కదండీ అందట. "నీ సభకేరా వచ్చేది," అన్నాడు పొడుగన్న, అప్పుడు వదిలాడు నా చెయ్యి. అప్పటికే లోపల్నుంచి ఎవరో వచ్చి, రండి రండి, మీ కోసమే చూస్తున్నారంటూ నా భుజం మీద చెయ్యివేసి లాక్కొచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే గేటు చువ్వల అవతల పొడుగన్న తల ఒక్కటే కనిపించింది.

చట్టప్రకారం. ఆ మాట పొద్దుటినుంచీ పంటి కింద రాయిలా ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా ఆ చట్టం, ఆకాశంలోంచి ఊడిపడిందా? మా నాన్న పనిచేసిన నూలుమిల్లు మూసేసినప్పుడు వచ్చింది. ఆ యజమాని కార్మికుల పింఛనంతా తన సొంత పెట్టెలోనే ఉంచుకున్నాడు, మిల్లుతో పాటు అదీ పోయింది. మా నాన్న, ఆయన తోటివాళ్ళు ఒక వేసవంతా సచివాలయం ముందు రోడ్డు మీద కూర్చున్నారు. నేను అప్పటికే ఈ మిల్లులో బొగ్గు ఎత్తే పనిలో చేరాను, పని దిగి అటే పోయేవాణ్ణి. తారు మెత్తబడి ఆయన లుంగీకి అంటుకునేది, అమ్మ కిరసనాయిలు పెట్టి తుడిచేది, మర్నాడు మళ్ళీ అంటించుకొచ్చేవాడు. పోలీసులు ఒకసారి లేపారు, రెండోసారి కొట్టారు, మూడోసారి వాళ్ళకే విసుగొచ్చింది. చివరికి చట్టం చేశారు. పింఛను నిధి కంపెనీ డబ్బులో కలవకూడదు, యజమాని చెయ్యి దాని మీద పడకూడదు, పడకుండా చూడ్డానికి ఒక ఆఫీసు. మా నాన్నకు దాన్నుంచి ఏమీ రాలేదు, చట్టం వచ్చేసరికి ఆయన మిల్లే లేదు. అయినా ఆ రోజు గడ్డం గీయించుకుని ఇంటికొచ్చాడు. "మాకు పోయిందిలేరా, మీకు పోదు," అన్నాడు. ఆ తృప్తితోనే పోయాడు. మంచిదే అయింది పోయాడు, అనుకున్నాను ఇందాక, అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది, కన్నతండ్రి పోయినందుకు సంతోషించేలా చేశారు కదరా మీరు. ఆయన కూర్చుని సాధించిన చట్టంలోనే ఏదో మూల ఒక 'అయితే' పెట్టి ఉంచారు. ముట్టుకోకూడదు, అయితే ప్రత్యేక పరిస్థితుల్లో. ఎలుక దూరేంత సందు. అందులోంచి మిల్లు మిల్లంతా దూరిపోయింది.

కంపెనీ ఒక కుటుంబం, అంటున్నాడు మేనేజరు, ఈ కుటుంబం తన పెద్దల్ని ఎన్నడూ మరిచిపోదు. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు, సరదాకే. నీ కుటుంబం పాడుగాను. మా జీతాలు పెంచమని అడిగిన ఏడు, ఇతని ముందున్న మేనేజరు గేటు దగ్గర బల్లెక్కి, ఇప్పుడు చేతికిస్తే ఇప్పుడే ఖర్చయిపోతుంది, అదంతా మీ పింఛను నిధిలో వేస్తాం, ముసలితనంలో మహారాజుల్లా బతకండి అన్నాడు. చేతులెత్తమన్నాడు. ఎత్తాం. నేనూ ఎత్తాను. ఇంటికెళ్ళి చెబితే నా భార్య గిన్నెలు కాస్త గట్టిగా సర్దింది, అంతే. ఆ నెలనుంచే లాండ్రీలో ఇంకో పూట కూడా ఒప్పుకుంది. రక్తాలంటిన దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు, తడిసి బండల్లా బరువెక్కినవి తొట్లోంచి ఎత్తి పిండే యంత్రంలోకి వేయడం. మా అమ్మాయి చదువు ఆ తడిగుడ్డల మీదే సాగింది. కుడిభుజం పట్టేసి చెయ్యి ఇప్పుడు చెవి దాకా లేవదు, జడ వేసుకోవాలంటే మంచం మీద కూర్చుని తల వంచుతుంది, నేను చెయ్యి పట్టి పైకెత్తుతాను. అదండీ ఆ నిధి. కంపెనీ దయతలచి పెట్టిన ధర్మం కాదు. ముందే సంపాదించి, తర్వాత తీసుకుంటాంలెమ్మని ఆగిన మా జీతం. ఆమె భుజం అది. దాన్ని ఎత్తి మిషను కింద పెట్టడానికి, ఎవడబ్బ సొమ్మని ఒప్పుకున్నావు నువ్వు?

మంచినీళ్ళాయన ఇప్పుడు చేతిగడియారం చూసుకుంటున్నాడు. తొందరేంటి, నీ పింఛను ఎక్కడికీ పోదు, నీది ఖజానాలోంచి వస్తుంది. ప్రభుత్వమంటే అందరూ ఇట్లాగే ఉంటారని కాదు. మా బాయిలరు తనిఖీకి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు, పొట్టిమనిషి, చప్పరించే దగ్గుబిళ్ళ ఎప్పుడూ బుగ్గలో. బాయిలరు చల్లార్చి ఉంచితే, చొక్కా విప్పి, లోపలికి పాక్కుంటూ పోయి, చిన్న సుత్తితో ఒక్కో గొట్టం మీదా తట్టి వినేవాడు. ఒక ఏడు బయటికొచ్చి, మసి తుడుచుకుంటూ, కుదరదు, గొట్టాలు మార్చందే వెలిగించడానికి వీల్లేదన్నాడు. మేనేజరు బతిమాలాడు. ఆర్డర్లున్నాయన్నాడు, నష్టమన్నాడు, పైవాళ్ళతో మాట్లాడిస్తానన్నాడు, చివరికి భోజనానికి రమ్మన్నాడు. ఆయన దగ్గుబిళ్ళ ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుని, "ఇది పేలితే పక్కనుండేది మీరు కాదు కదా, ఈయన," అని నన్ను చూపించాడు. మిల్లు ఆగింది. గొట్టాలు మార్చారు. నేను ఇవాళ బతికి ఈ కుర్చీలో కూర్చున్నానంటే ఆయన కుదరదన్నందుకే. ఆయనా ప్రభుత్వమే, ఈయనా ప్రభుత్వమే. బాయిలరు పేలితే చప్పుడవుతుంది, శవాలకు లెక్క చెప్పాలి, అందుకని కుదరదంటారు. పింఛను పేలితే చప్పుడు రాదు. పొడుగన్న గుండీలు తప్పు పెట్టుకుంటాడు, అంతే. మందులు సగానికి విరుచుకుని మింగుతాడు, అంతే. ఎవడు చూడొచ్చాడు?

బహుమతి ఇస్తున్నారు. లేవండి లేవండి అంటున్నారు, లేచాను. అద్దం బిగించిన పెద్ద ఫోటో, ఇద్దరు పట్టుకుంటే గానీ నిలవలేదు. అధికారి ఒక పక్క, నేనొక పక్క, కెమెరా వైపు చూడమన్నారు. నేను ఫోటో వైపు చూశాను. కొత్త మిషను. పొడవాటి షెడ్డులో నీలంరంగు వేసుకుని నిగనిగలాడుతూ, పక్కన మనిషన్నవాడు లేకుండా. "ఈ మిషను మీలాంటి వాళ్ళ కష్టంతోనే వచ్చింది," అన్నాడు మేనేజరు మైకులో. అబద్ధమాడి ఉంటే భరించేవాణ్ణేమో. ఎంత ధైర్యం, ఎంత ధీమా, నిజం చెబుతున్నాడు, నా మొహం మీదే, మైకులో, అర్థం కాదులే వీళ్ళకి అని. కింద మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నా భార్య కూడా, కాస్త ఆలస్యంగా, చెయ్యి భుజం దాకా ఎత్తలేక ఒళ్ళోనే కొట్టింది. మొహం వెలిగిపోతోంది. నాకు ఆ ఫోటోను వదిలేద్దామనిపించింది, పడి పగలనీ అనిపించింది, వదల్లేదు, జాగ్రత్తగా గోడకు ఆనించాను, పైగా అద్దం మీద పడ్డ వేలిముద్రను చొక్కాచేత్తో తుడిచాను. థూ. ఏం మనిషినిరా నేను. వాళ్ళ వస్తువు పాడవకూడదన్న ఇంగితం నాకుంది, నా ముసలితనం పాడవకూడదన్న ఇంగితం వాళ్ళకెందుకుండదు?

ఇప్పుడు అధికారి మాట్లాడుతున్నాడు. గొంతు మెత్తగా, బాగుంది, పిల్లలకు పాఠం చెప్పే గొంతు. శ్రామికుడి భద్రతే మా కార్యాలయం ఊపిరి అంటున్నాడు. నియంత్రణ అంటే పరిశ్రమ గొంతు నొక్కడం కాదు అంటున్నాడు, నియంత్రణ అంటే నమ్మకం అంటున్నాడు. ఎవరి మీద ఎవరికి నమ్మకం బాబూ? నేను వింటూ నా భార్యనే చూస్తున్నాను. పోయిన వారం లాండ్రీలో చెప్పేసింది, ఈ నెలాఖరుతో మానేస్తున్నానని. ఆమె చోటులోకి ఇంకొకామెను తీసుకున్నారు, పని కూడా ఈమే నేర్పుతోంది. ఇంటికొచ్చి, "ఇక పొద్దున లేవగానే ఏం చేస్తానో తెలుసా? ఏమీ చెయ్యను. కిటికీ దగ్గర కూర్చుంటా," అంది, అని తనే నవ్వుకుంది. ఇప్పుడు నేనేం చెప్పాలి, ఎక్కడ చెప్పాలి? మైకిస్తారు ఇంకాసేపట్లో, రెండు మాటలు చెప్పండంటారు, అప్పుడు చెప్పనా, అందరితో పాటు ఆమె కూడా వినేట్టు, పరాయిదానిలా? లేక కృతజ్ఞతలు చెప్పి, టీ తాగి, ఆ మిషను ఫోటో మోసుకుని ఇంటికెళ్ళి, తలుపేసి, మెల్లగా, ఒక్కదానికే? వాళ్ళక్కావలసింది అదేగా. తలుపులేసుకుని, మెల్లగా, ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కళ్ళం. పొడుగన్న వాళ్ళింట్లో పొడుగన్న, మా ఇంట్లో నేను, వచ్చే ఏడు ఇంకొకడు. వీధిలోకి చప్పుడు రాదు. ప్లాస్టిక్ కాగితం గరగరమంటోంది, పూలగుత్తి తీసి కుర్చీలో పెట్టాను. పెట్టానంటే లేచి నిలబడ్డానన్నమాట. అధికారి ఒకసారి నా వైపు చూసి, మర్యాదగా తలూపి, మాట్లాడుతూనే ఉన్నాడు. నేను పలకల మీంచి కిందికి దిగాను. ముందు వరసలో ఆమె పక్కనున్నతను చటుక్కున లేచి చోటిచ్చాడు. కూర్చున్నాను.

"ఏమయ్యా, కిందికొచ్చేశావేం? బాగా లేదా ఒంట్లో?" అంది. చెవి దగ్గర వంగి చెప్పాను. "ఏంటీ?" అంది, ఇంకా నవ్వుతూనే. మళ్ళీ చెప్పాను, కాస్త గట్టిగా. "వినపడట్లే, ఏంటీ?" వేదిక మీద గొంతు భద్రత గురించే చెబుతోంది. ఇంకెట్లా చెప్పను, నాకు తెలిసిన గొంతు ఇంకొకటే ఉంది, బాయిలరు హోరులో అవతలి మనిషికి వినబడేట్టు అరిచే గొంతు. ఆ గొంతుతో చెప్పాను. "మన పింఛను పోయిందే! నిధి తీసి ఆ మిషనుకి పెట్టారు! సగం కూడా వస్తుందో రాదో తెలీదు! ఒప్పుకుని సంతకం పెట్టింది ఆయనే!"

మైకు ముందు మాట ఆగిపోయింది. ఆమె మొహంలో నవ్వు వెంటనే పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు అక్కడే కాసేపు ఉండిపోయింది, తర్వాత పోయింది. నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు. లేచి నిలబడింది. ఆమె ఎప్పుడూ మెల్లగానే మాట్లాడుతున్నాననుకుంటుంది, ఇల్లంతా వినబడుతుంది. "ఏమండీ, పెద్దాయనా," అంది, "ఈయన చెప్పేది నిజమేనా?"

అధికారి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నవ్వాడు. "అమ్మా, ఇది సందర్భం కాదు. టీ తాగాక ఆఫీసులో కూర్చుని మాట్లాడదాం."

"మిమ్మల్ని కాదండీ. ఆయన్ని అడుగుతున్నా."

"అమ్మా," అన్నాడు అధికారి, అదే మెత్తటి గొంతుతో, "కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో కంపెనీ నిలబడాలంటే అలాంటి వెసులుబాటు ఇవ్వాల్సి వస్తుంది. చట్టంలో దానికి అవకాశం ఉంది. కంపెనీ ఉంటేనే కదా మీకు..."

"మీ పింఛను కూడా ఇచ్చారా ఈ మిషనుకి?"

అధికారి నీళ్ళసీసా కోసం చెయ్యి చాపాడు, అది కుర్చీ దగ్గరుంది, మైకు దగ్గర లేదు. "నాది వేరమ్మా, నాది ప్రభుత్వం..." అన్నాడు, అని ఆగిపోయాడు, ఆ వాక్యం చివర ఏముందో ఆయనకే కనిపించినట్టుంది. "ఓహో," అంది నా భార్య. "మీది జాగర్తగా దాచుకుని, మాది ఇచ్చేశారన్నమాట." మూడో వరసలో కాగితాలు కట్టలు కట్టే విభాగం ఆమె లేచి, మా అందరిదీనా, నాకింకా చాలా ఏళ్ళ సర్వీసుందండీ, నాది కూడానా, అంది. ఆమె వెనక ఇంకొకడు లేచాడు. మేనేజరు మైకు మీద చెయ్యి పెట్టి ఎవరికో సైగ చేశాడు, మైకు పోయింది, కానీ ఇక్కడ మైకు ఎవరికి కావాలి, అందరం యంత్రాల పక్కన బతికినవాళ్ళమే. సంతకం పెట్టేముందు మమ్మల్ని అడిగారా, అని ఎవరో. నిధి చూడ్డానికి మీకో ఆఫీసు ఉంది కదా, చూసి చూసి ఇదేనా చేసింది, అని ఇంకెవరో. పునఃపరిశీలిస్తాం, ఫిర్యాదు ఇవ్వండి, పునఃపరిశీలిస్తాం, అంటూనే ఉన్నాడు ఆయన, వంటగది తలుపు దాకా అంటూనే వెళ్ళాడు, అటునుంచే కారెక్కాడు. టీ ఎవరూ తాగలేదు. నాకు కోపం తగ్గుతుందనుకున్నాను, బయటికి చెప్పేశాను కదా, తగ్గాలి కదా. తగ్గలేదు. పొద్దుటినుంచీ నా ఒక్కడి గుండెల్లో కుక్కుకుని ఉన్నది హాలంతా నిండింది, అంతే.

బయటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. పూలగుత్తీ ఫోటో లోపలే వదిలేశాను. ఆమె నాకంటే ముందు నడుస్తోంది, వెనక్కి చూడకుండా, చేతిసంచి ఎడమ భుజాన వేసుకుని. గుజ్జు వాసన గాలిలో పట్టేసి ఉంది, నేనింతకాలం పీల్చి ఇక పసిగట్టలేననుకున్న వాసన. మా వెనక హాల్లోంచి మనుషులు గుంపులుగా వస్తున్నారు, గట్టిగా మాట్లాడుకుంటూ, ఒకళ్ళ మాట ఒకళ్ళు వినకుండా. లాండ్రీకెళ్ళి ఆ పని మళ్ళీ ఇమ్మని అడగాలి ఆమె, అడుగుతుంది, నాకు తెలుసు, తను పని నేర్పినామె ముందే నిలబడి అడుగుతుంది. ఆ ఊహకే పళ్ళు కొరుక్కున్నాను. ఆమె ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పొద్దున. గేటు దగ్గర," అన్నాను, ఆమెకు వినబడేట్టు.

"పొద్దుట్నుంచీ ఆ మొహంతో అక్కడ కూర్చున్నావా?" అంది. "నేనేమో చప్పట్లు కొడుతున్నా."

"ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. మెల్లగా."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత నా వెనక వస్తున్నవాళ్ళను చూసింది, కట్టలు కట్టే ఆమెను, చొక్కాచేతులు మడిచి అరుస్తున్న వాళ్ళను.

"ఇంటికెళ్ళాక చెప్పుంటే," అంది, "నేనొక్కదాన్నే ఏడ్చేదాన్ని."